పార్కు పేరు ప్రారంభోత్సవం రోజు తెలియడమేంటి?

సంపాదకులకు నమస్కారం.

కొత్త పార్కులో నడకదారి ఎక్కడుండాలి, ఉయ్యాలలు ఎక్కడుండాలి అని జనాన్ని అడిగే నగరాలు కూడా పేరు దగ్గరికొచ్చేసరికి ఎవరినీ అడగవు. తీరా శిలాఫలకం మీద తెర తీశాకే అది ఎవరి పేరో మనకు తెలుస్తుంది. ఇది అస్సలు బాలేదు.

అమెరికాలోని సియాటిల్‌లో పేర్లు జనమే సూచించవచ్చు, వాటిని ఒక కమిటీ పరిశీలిస్తుంది, మనిషి పేరు పెట్టాలంటే ఆ వ్యక్తి చనిపోయి కనీసం మూడేళ్లు కావాలి. పదవిలో ఉన్నవాళ్ల మెప్పు కోసం పేరు పెట్టే దారి దాంతో మూసుకుపోతుంది, అందుకే ఈ నియమం ప్రతి నగరానికీ కావాలంటాను. అదే ఊళ్లో పాత గ్యాస్ ఫ్యాక్టరీ స్థలంలో వచ్చిన పార్కుకు మొదట మర్టిల్ ఎడ్వర్డ్స్ అనే కౌన్సిల్ సభ్యురాలి పేరు అనుకున్నారు, కానీ ఫ్యాక్టరీ టవర్లను అలాగే ఉంచేస్తున్నారని 1972లో ఆమె కుటుంబమే ఆ పేరు వద్దంది. చివరికి అది గ్యాస్ వర్క్స్ పార్క్ అయింది, ఆమె పేరు మరో పార్కుకు పెట్టారు. నన్నడిగితే ఇదే మంచి పేరు, ఆ నేల మీద ఇదివరకు ఏముండేదో చెబుతోంది కాబట్టి.

చెరువో, తోటో, పాత ఊరో ఉన్నచోట ఆ పేరే ముందు చూడాలి. డబ్బిచ్చిన కంపెనీకి బెంచీ మీద చిన్న బోర్డు చాలు. ఒకే నగరంలో రెండు పార్కులకు ఒకే పేరుంటే అంబులెన్స్ ఎటు పోవాలి?

పేర్లను కనీసం నెల ముందు ప్రకటించి, అభ్యంతరాలు తీసుకుని, కౌన్సిల్‌లో కారణాలు చెప్పి ఓటు వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు