పిల్లలకి వచ్చే ఫిజియో పెద్దాళ్ళకి ఎందుకు రారు?

ఎడిటర్ గారికి నమస్కారం. మాది మార్కాపురం దగ్గర పల్లె, నాన్న పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పోయినేడు పక్షవాతం వచ్చి ఎడం చెయ్యి, కాలు పడిపోయాయి. టౌన్‌లో ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద చూశారు, ప్రాణం నిలబడింది, దానికి ఎప్పటికీ రుణపడి ఉంటాం. కానీ డిశ్చార్జ్ చీటీలో చివర్న ఫిజియోథెరపీ (పడిపోయిన చెయ్యీ కాలూ మళ్ళీ కదిలేలా చేయించే వ్యాయామం) చేయించుకోవాలి అని ఒక్క ముక్క రాసి పంపేశారు, ఎక్కడ, ఎన్నాళ్ళు, ఎవరు చేస్తారు అనేది ఒక్కరూ చెప్పలేదు.

టౌన్‌కి ఆటో రానుపోను 600, ఫిజియో దగ్గర సిట్టింగ్‌కి 300, నాన్నని ఎక్కించి దించడానికి నేను కూలి మానుకోవాలి. తొమ్మిది రోజులు తిప్పి ఆపేశాం. ఇంక సలహాలకి కొదవా, పావురం రక్తం రాయమని ఒకరు, ఫలానా ఊళ్ళో నాటుమందు పోయించమని ఒకరు, నిజం చెప్పాలంటే పావురాన్ని తెచ్చాం కూడా. అమ్మ రోజూ ఆ పడిపోయిన చేతినే పట్టుకుని లాగి లేపేది, పాపం ఆమెకేం తెలుసు, నెల తిరక్కుండానే భుజం కీలు కిందికి జారి నాన్న రాత్రుళ్ళు అరుస్తుండేవాడు.

మా పక్కింటి పిల్లాడికి పుట్టినప్పట్నుంచీ కాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, వాణ్ణి మండలంలో ఇలాంటి పిల్లల కోసం గవర్నమెంటు నడిపే భవిత సెంటర్‌కి తీసుకెళ్తారు, అక్కడికి వారానికోసారి ఫిజియో వస్తాడు. వాళ్ళమ్మ బతిమాలితే ఆ ఫిజియో అబ్బాయి డ్యూటీ అయ్యాక బండి మీద మా ఇంటికొచ్చాడు, రూపాయి తీసుకోలేదు. నులక మంచం చూడగానే ఇందులోంచి ఆరోగ్యంగా ఉన్నోడే లేవలేడన్నాడు. చెక్క బల్ల వేయించి ఎత్తు కోసం దాని కాళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టించాడు, చెయ్యి పట్టుకోవద్దమ్మా, నడుం చుట్టూ టవల్ వేసి పట్టుకో అని అమ్మ చేతే రెండుసార్లు చేయించాడు, పొద్దున పది, సాయంత్రం పది సార్లు కూర్చుని లేవమన్నాడు. అంతా కలిపి అరగంట. రెండు నెలలకి నాన్న గోడ పట్టుకుని అరుగు మీదికొచ్చి టీ తాగాడు. భుజం మాత్రం బాగవలేదు, మొదటి మూడు నెలలూ ఎంత ముఖ్యమో ఆ అబ్బాయి చెప్పాక గానీ తెలియలేదు మాకు.

నేనడిగేది కొత్త ఆసుపత్రి కాదండీ. పిల్లల కోసం మండలం దాకా ఫిజియోని పంపడం గవర్నమెంటుకి తెలుసు, చేస్తూనే ఉంది. బీపీ, షుగర్ చూసే 104 బండి ఊళ్ళోకి వస్తూనే ఉంది, అందులో ఒక సీటు ఫిజియోకి ఇవ్వొచ్చు కదా, లేదంటే వారానికో రోజు పీహెచ్‌సీలో కూర్చోబెట్టినా చాలు. ఏ ఇంట్లో ఎవరు మంచాన ఉన్నారో ఆశా వర్కర్‌కి పేరు పేరునా తెలుసు. 2010లో మొదలైన వృద్ధుల ఆరోగ్య పథకంలో కూడా ఫిజియోథెరపీ ఉంది, మా వైపు మాత్రం ఎవరూ దాని మాటే ఎత్తలేదు.

ఇంకోటి. పక్షవాతంతో పూర్తిగా మంచానికి పరిమితమైతే నెలకి 15,000 పెన్షన్ ఇస్తున్నారు, మంచిదే, చాలా ఇళ్ళు దాని మీదే నడుస్తున్నాయి. అయితే ఆ మనిషి మంచాన పడకుండా చూసే అరగంట పనికి పైసా లేదు, ఇదేం లెక్కో నాకర్థం కాలేదు. సంబంధిత అధికారులు ఎవరైనా మీ పేపర్లోనే జవాబు చెప్తే బావుంటుంది.

- మార్కాపురం వైపు నుంచి ఒక పాఠకుడు