తెర మీద గుడ్డ తీయించండి సార్

కోనసీమ జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారమండి. 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు మా లంకలో పండగే. పాఠాలు ముందే అందులో ఎక్కించి ఇవ్వడం మంచి ఆలోచన. గోదావరి పొంగితే మాకు కరెంటూ ఉండదు, సిగ్నలూ ఉండదు. కానీ మావాడి ట్యాబ్ తెర పగిలింది. రిపేరుకని మూడుసార్లు రేవు దాటి తిరిగాం, పని కాలేదు. ఇప్పుడది బీరువాలో చీరల కింద ఉంది.

బడిలో పెద్ద డిజిటల్ తెర కూడా పెట్టారు. లెక్కల మాస్టారు దాని మీద గోళాన్ని సగానికి కోసి చూపిస్తే పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారట. ఆయన బదిలీ అయ్యారు, తెర మీద గుడ్డ పడింది. (దుమ్ము పట్టకుండా బాగానే కప్పార్లెండి.)

కొత్తవి తర్వాత పంపుదురుగాని. ముందు మండలానికో రిపేరు మనిషిని పెట్టండి. వరదలకు ముందే దీక్ష యాప్‌లోని పాఠాలు డౌన్‌లోడ్ చేయించండి.

ఇట్లు,
లంక గ్రామంలో ఒక తండ్రి