గుండ్లకమ్మ ఒడ్డు రాయి మీద ఏం రాయాలి?

సంపాదకులకు,

పాత చర్చీల దగ్గర, మిషనరీల కాలంనాటి చోట్ల రోడ్డు పక్కన చరిత్ర ఫలకాలు పెట్టాలన్న మాట మంచిదే. అయితే మన దగ్గర ముందు రాయి కొలత తేలుతుంది, తర్వాత దాతల పేర్లు ఎక్కుతాయి, చివరికి మిగిలిన జానెడు చోట్లో చరిత్రను ఇరికిస్తారు. ఈ వరస తిరగబడాలి.

ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లినే తీసుకోండి. 1878 జులై 3న అక్కడ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను అందరూ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఖాతాలో వేస్తారు. నిజానికి ఆరోజు ఆయన ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఇచ్చింది ఆరుగురు మన బోధకులు. ఇద్దరు నీళ్లలో ఉంటే, వాళ్లు అలసిపోగానే మరో ఇద్దరు దిగేవారు. మధ్యాహ్నం కాసేపు ఆపి సాయంత్రం దాకా సాగించారు. ఆ ఏడాది చివరికి లెక్క 9,606కు చేరింది. ఈ రెండు అంకెల్నీ కలగాపులగం చేయకూడదు.

ధాత కరువు మాట లేకుండా రాస్తే అది సగం చరిత్రే. 1876–78 నాటి ఆ కరువులో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను క్లౌ గుత్తకు తీసుకుని ఆకలిగొన్న జనానికి తవ్వకం పని చూపించాడు. కూలి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని దాదాపు పదిహేను నెలలు బాప్తిస్మాలే ఆపేశాడు. అంతకు చాలా ముందే, 1866లో, తాళ్లకొండపాడు నుంచి వచ్చిన మాదిగ ఎర్రగుంట్ల పేరయ్యతో ఈ కథ మొదలైంది. దొర పేరు ఉండి పేరయ్య పేరు లేని ఫలకం పెట్టకపోయినా నష్టం లేదు. ఇదంతా కుదించి రాస్తే అరవై మాటల్లో ఇమిడిపోతుంది. దారిన పోతూ ఆగినవాడు అంతకు మించి చదవడు.

ఇక రాయి. చీమకుర్తి నల్లరాయి పక్కనే దొరుకుతుంది. కానీ దానికి మెరుగు పెడితే ఎండకు అద్దంలా కళ్లలో కొడుతుంది, రాతిలోని బంగారు చుక్కలు అక్షరాల్లో కలిసిపోతాయి. మెరుగు లేకుండా గరుకుగా ఉంచి లోతుగా చెక్కించాలి. రంగు పోయినా అక్షరం మిగులుతుంది. అక్షరం ఎత్తు రెండు సెంటీమీటర్లకు తగ్గితే ఒత్తులు పూడుకుపోతాయి. వరసకూ వరసకూ మధ్య కనీసం అక్షరమంత ఖాళీ లేకపోతే పై వరస ఒత్తు వచ్చి కింది వరస గుడి మీద కూర్చుంటుంది. మార్కాపురం పలక చవకే గానీ బయట పెడితే పొరలు లేస్తుంది. ఇనపరేకును సముద్రపు గాలి తినేస్తుంది. ఫ్లెక్సీ సంగతి చెప్పక్కర్లేదు.

రోడ్డు మార్జిన్‌లో పాతితే విస్తరణ రాగానే మొదట పోయేది అదే. అందుకే చర్చి ఆవరణలోనో, పంచాయతీ స్థలంలోనో, బండి ఆపుకునే వీలున్న చోట దిమ్మె కట్టి నిలబెట్టాలి. రోడ్డు మీద మలుపుకు ముందు బాణం గుర్తు చాలు.

చర్చి గోడకు మాత్రం బిగించవద్దు. ఇనప బోల్టు తుప్పు పట్టి ఉబ్బితే డంగు సున్నపు గోడ పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. గోడ పాడవుతోందని దాని మీద సిమెంటు పూయడం ఇంకో తప్పు. సున్నపు గోడలోని చెమ్మ బయటికి ఆరిపోయే దారి మూసుకుపోతుంది, లోపల ఉప్పు పేరుకుని ఇటుక పొడిపొడిగా రాలుతుంది. ఆ రాలేది కనబడకుండా టైల్స్ అతికిస్తారు. వాటి వెనక శంకుస్థాపన రాయి కూడా పోతుంది. మరమ్మతు మొదలుపెట్టే ముందు రాత్రిపూట టార్చిలైటు ఆ రాయి పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫొటో తీయండి. అరిగిపోయిన అక్షరం నీడలో తేలుతుంది. కడగడానికి నీళ్లు, మెత్తని బ్రష్షు చాలు. యాసిడ్ పోస్తే చదవడానికి ఏమీ మిగలదు.

దాతల పేర్లా? రాయికి వెనకవైపు కూడా ఉంది కదా, అక్కడ చెక్కించండి.

— ఒక పాఠకుడు, ఒంగోలు