గవర్నర్ గారూ, ఈ పదవి చరిత్రను తెలుగులో రాయించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ గవర్నర్ గారికి,

నమస్కారాలు.

నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఇప్పటికీ సందేహాలు అడగడానికి మా ఇంటికి వస్తుంటారు. ఈమధ్య ఒక అమ్మాయి మన గవర్నర్ల జాబితా మొత్తం గడగడా అప్పజెప్పింది. త్రివేది, భీమ్‌సేన్ సచార్, జనరల్ శ్రీనాగేశ్, పట్టం థాను పిళ్లై, ఖండూభాయ్ దేశాయ్... ఎవరు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉన్నారో కూడా తడుముకోకుండా చెప్పింది. "వీళ్లలో ఏ ఒక్కరైనా ఏం చేశారో చెప్పమ్మా" అని అడిగాను. కొంతసేపు ఆలోచించి, "సంతకాలు పెట్టి ఉంటారు సార్" అంది.

ఆ మాట రాత్రంతా నన్ను వదల్లేదు. ఆమె తప్పేమీ లేదు. ఆమె చదివిన పుస్తకాల్లో పేర్లూ తేదీలే ఉన్నాయి. నేనూ తరగతి గదిలో ఏళ్ల తరబడి అంతకు మించి చెప్పలేదు. అందుకే మీకు ఈ లేఖ రాస్తున్నాను. మీరు కూర్చున్న పదవికి మన నేల మీద ఒక చరిత్ర ఉంది. దాన్ని మంచీ చెడూ దాచకుండా తెలుగులో రాయించి ప్రజల చేతిలో పెట్టమని, అందుకు కావలసిన పాత కాగితాలను పరిశోధకులకు తెరవమని నా విన్నపం.

మొదటి పేరుతోనే మొదలుపెడతాను. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు గవర్నరుగా వచ్చినవారు చందూలాల్ మాధవ్‌లాల్ త్రివేది. ఐసీఎస్ అధికారి. ఒడిశాకు, ఆ తర్వాత దేశ విభజన గాయాలతో అల్లాడిన తూర్పు పంజాబుకు గవర్నరుగా పనిచేసి వచ్చారు. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. ఏడాది దాటిందో లేదో, మద్యనిషేధం గొడవలో వచ్చిన అవిశ్వాస తీర్మానం మీద ఒకే ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం కూలింది. 1954 నవంబరు నుంచి 1955 మార్చి దాకా ఈ పసి రాష్ట్రం రాష్ట్రపతి పాలనలో, త్రివేది చేతి మీదుగా నడిచింది. శాసనసభ లేని ఆ నాలుగున్నర నెలల్లో కర్నూలులో ఏ నిర్ణయాలు ఎలా జరిగాయో, ఆయన ఎవరి మాట విన్నారో తెలుగు పాఠకుడికి ఎవరు చెప్పారు?

అదే సమయంలో తెలంగాణకు గవర్నరే లేరు. హైదరాబాద్ రాష్ట్రానికి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రాజప్రముఖ్‌గా ఉన్నారు. ఏడో రాజ్యాంగ సవరణ 1956లో రాజప్రముఖ్ పదవిని రద్దు చేసింది. అక్టోబరు 31న రాజవంశీకుడు అధిపతిగా ఉన్న నేలకు మర్నాడు, నవంబరు 1న, కొత్త ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా త్రివేది అధిపతి అయ్యారు. ఆ ఒక్క రాత్రిలో ఎంత పెద్ద మార్పు జరిగిందో మన పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యం కూడా పట్టదు. అదే సవరణ ఒకే వ్యక్తిని రెండు మూడు రాష్ట్రాలకు గవర్నరుగా నియమించే వీలు కూడా కల్పించింది. 58 ఏళ్ల తర్వాత 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు ఇ.ఎస్.ఎల్. నరసింహన్ రెండు రాష్ట్రాలకూ గవర్నరుగా కొనసాగడానికి దారి వేసింది ఆ వెసులుబాటే. పునర్విభజన చట్టం ఉమ్మడి రాజధానిలో ప్రజల ప్రాణాలకు, ఆస్తులకు సంబంధించి ఆయన మీద ప్రత్యేక బాధ్యత కూడా పెట్టింది. ఆ బాధ్యతను ఆయన ఎలా నిర్వహించారన్న దాని మీద రెండు రాష్ట్రాల్లోనూ రెండు రకాల అభిప్రాయాలున్నాయి. కాగితాలు బయటికి వస్తేనే కదా ఎవరి మాటలో ఎంత నిజముందో తేలేది!

ఇక 1984. దీన్ని తలచుకోకుండా ఈ పదవి గురించి మాట్లాడే తెలుగువాడు ఉండడు. అప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. ఆగస్టు 16 సాయంత్రం మా వీధిలో రేడియో ఉన్న ఇంటి ముందు జనం గుమిగూడి నిలబడ్డారు. గుండె శస్త్రచికిత్స చేయించుకుని అమెరికా నుంచి అప్పుడే తిరిగొచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. కొత్త ముఖ్యమంత్రికి బలం నిరూపించుకోవడానికి నెల రోజులు గడువిచ్చారు. పాత ముఖ్యమంత్రి తన శాసనసభ్యులను వెంటబెట్టుకుని వచ్చి లెక్క చూసుకోమంటే మాత్రం ఒప్పుకోలేదు. రామారావు చక్రాల కుర్చీలో, ఎమ్మెల్యేలతో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు నిలబడవలసి వచ్చింది. ప్రజలు ఓటేసి గెలిపించిన సభ్యులను పొరుగున ఉన్న కర్ణాటకలో దాచుకోవలసి వచ్చింది. ఆగస్టు ముగియకముందే రామ్‌లాల్ వెళ్లిపోయారు. శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబరు 16న, సరిగ్గా నెల తిరిగేసరికి, రామారావు మళ్లీ ప్రమాణం చేశారు.

ఈ కథ మాకందరికీ వీధివైపు నుంచి తెలుసు. బందులు, ఊరేగింపులు, ఊరూరా సభలు మా కళ్ల ముందే జరిగాయి. రాజ్‌భవన్ లోపలి వైపు నుంచి మాత్రం తెలియదు. ఆగస్టు 15 రాత్రి ఆ భవనంలో ఏం జరిగింది? రామ్‌లాల్ ఢిల్లీకి ఏమని నివేదిక రాశారు? వద్దని చెప్పిన అధికారి ఒక్కరైనా ఉన్నారా? శర్మ గారు వచ్చాక ఏ ఆధారాలు చూసి, ఎవరితో మాట్లాడి ఆ తప్పును సరిదిద్దారు? ఆయన ఆ తర్వాత ఉపరాష్ట్రపతి, రాష్ట్రపతి అయ్యారు. హైదరాబాద్‌లో గడిపిన ఆ తొలి వారాలు ఆయన జీవితంలోనూ మన రాష్ట్ర చరిత్రలోనూ ఎంత విలువైనవో ఆలోచించండి.

నాకు బాధ కలిగించే సంగతి మరొకటి ఉంది. 1942లో మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ వైస్రాయికి పక్షానికొకటి చొప్పున పంపిన నివేదికలను ఈరోజు పరిశోధకులు లండన్‌లో కూర్చుని చదువుకోవచ్చు. క్విట్ ఇండియా రోజుల్లో మన జిల్లాల గురించి పరాయి పాలకుడు ఏమనుకున్నాడో తెలుసుకోవచ్చు. మన రాజ్యాంగం కింద, మన పన్నులతో నడిచిన రాజ్‌భవన్ నుంచి వెళ్లిన నివేదికలను చదవడం మన మనుమలకు అంతకంటే కష్టం కాకూడదు. నలభై ఏళ్లు దాటిన కాగితంలో ఇంకా దాచవలసిన రహస్యం ఏముంటుంది?

1984 పక్కన 1995ను పెట్టి చూస్తే చరిత్ర విద్యార్థికి ఎంతో బోధపడుతుంది. రెండుసార్లూ ముఖ్యమంత్రి రామారావే. రెండోసారి గవర్నర్ కృష్ణకాంత్. సభను రద్దు చేయమన్న ముఖ్యమంత్రి సలహాను ఆయన పాటించలేదు, బలం నిరూపించుకోమన్నారు. రామారావు రాజీనామా చేశారు. సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడు ప్రమాణం చేశారు. ఈ రెండు సంఘటనల నడుమ 1994లో బొమ్మై కేసు తీర్పు వచ్చింది. బలాబలాలు తేలవలసింది శాసనసభలోనే గాని గవర్నర్ మనసులో కాదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. 1995లో కృష్ణకాంత్ చేసింది సరైనదేనా అన్న వాదన నేటికీ నడుస్తోంది. ఎటూ తేల్చే స్థోమత నాకు లేదు. ఆయన ఫైలులో రాసుకున్న కారణాలను చదివే హక్కు మాత్రం నాకూ, ఆయనతో ఏకీభవించని వారికీ ఉందని నమ్ముతున్నాను.

ఇంతదాకా ప్రభుత్వాలు కూలడం, నిలబడడం గురించే రాశాను. పత్రికలు కూడా గవర్నర్‌ను ఆ సమయాల్లోనే తలచుకుంటాయి. నిజానికి మన రాష్ట్రంలో ఒక గవర్నర్ పెట్టిన సంతకాల్లో అన్నిటికంటే ఎక్కువ మంది బతుకులను తాకింది వేరొకటి ఉంది. ఆ అమ్మాయికి ఆ రోజు దాని గురించే చెప్పాను.

రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రకారం గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో శాంతి కోసం, మంచి పాలన కోసం రెగ్యులేషన్లు చేసే అధికారం గవర్నర్‌ది. వాటికి రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఆ అధికారంతోనే 1959లో ఏజెన్సీ భూముల బదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని సవరిస్తూ 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్ వచ్చింది. ఏజెన్సీలో బడి ముఖం చూడని ముసలమ్మకైనా 1/70 అంటే తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనులు గిరిజనేతరులకు అమ్మడమే కాదు, ఒక గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదని అది శాసించింది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందిగానే భావించాలంది. శ్రీకాకుళం కొండల్లో గిరిజన పోరాటం సాగుతున్న రోజులవి. అప్పటి గవర్నర్ ఖండూభాయ్ దేశాయ్ కార్మికోద్యమం నుంచి వచ్చి, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రిగా పనిచేసినవారు. జై ఆంధ్ర ఉద్యమం ఉధృతంగా ఉన్న 1973లో దాదాపు ఏడాది పాటు రాష్ట్రపతి పాలన నడిచినప్పుడూ ఇక్కడున్నది ఆయనే. జాబితాలో ఒక పేరుగా మిగిలిపోయిన ఈ మనిషి మన రాష్ట్ర గతిలో ఎంత లోతుగా ఉన్నారో చూడండి. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు విశాఖ ఏజెన్సీలో ప్రైవేటు గనుల లీజులు చెల్లవని చెప్పడానికి పునాది ఆ రెగ్యులేషనే.

అన్నీ నిలబడలేదు. 2000 జనవరిలో, రంగరాజన్ గవర్నరుగా ఉండగా, షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలంటూ వచ్చిన మూడో నంబరు జీవోను సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఐదో షెడ్యూలు కింద గవర్నర్ అధికారానికి హద్దు ఎక్కడన్న ప్రశ్న అక్కడ తేలింది. ఏజెన్సీలో ఉద్యోగం కోసం ఎదురుచూసిన యువతకు అది పిడుగుపాటు. ఈ కథ కూడా మీ కార్యాలయ చరిత్రలో ఉండాలి. అదే షెడ్యూలు, ఆ ప్రాంతాల పాలన గురించి గవర్నర్ ఏటా, లేదా రాష్ట్రపతి కోరినప్పుడల్లా, నివేదిక పంపాలని కూడా చెబుతోంది. ఆ నివేదికలన్నీ వరుసగా ఒకచోట తెలుగులో దొరికితే మన ఏజెన్సీ డెబ్బై ఏళ్ల కథ అందులోనే కనిపిస్తుంది.

పుస్తకంలో ఇంకెన్నో రావచ్చు. 1977లో వచ్చిన తొలి మహిళా గవర్నర్ శారదా ముఖర్జీ, కుముద్‌బెన్ జోషీ కాలంలో రాజ్‌భవన్‌కూ సచివాలయానికీ మధ్య నడిచిన పెనుగులాట, ఇక్కడి నుంచి వేరే రాష్ట్రాలకు గవర్నర్లుగా వెళ్లిన పట్టాభి సీతారామయ్య, బూర్గుల రామకృష్ణారావు, వి.వి. గిరి గార్ల అనుభవాలు. ఇంకా వెనక్కి వెళ్తే 1936లో కొన్ని నెలలు మద్రాసు గవర్నరుగా వ్యవహరించిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు, 1827లో గవర్నరుగా ఉండగానే కర్నూలు సీమలో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయిన థామస్ మన్రో. మన్రో పరాయి పాలకుడు, శిస్తు వసూలు చేసినవాడు. అయినా తిరుమలలో మన్రో గంగాళం పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. జనం ఎవరిని ఎందుకు గుర్తుంచుకుంటారో ఆలోచించడానికి కూడా ఇలాంటి పుస్తకం కావాలి.

రాజ్యాంగ సభ మొదట ప్రజలు ఎన్నుకునే గవర్నర్‌ను అనుకుంది. 1949లో మనసు మార్చుకుని రాష్ట్రపతి నియమించే గవర్నర్‌ను ఎంచుకుంది. మాచేత ఎన్నిక కాని పదవి కాబట్టే ఐదేళ్లకోసారి మేము జవాబు అడిగే అవకాశం లేదు. ఆ లోటును కొంతైనా పూడ్చేది కాగితం ఒక్కటే. రాజ్‌భవన్‌లను ఇకపై లోక్‌భవన్‌లని పిలవాలని కేంద్ర హోం శాఖ 2025 నవంబరులో సూచించింది. లోకానిది అన్న భవనంలోని పాత బీరువాలు లోకానికి తెరుచుకోవడం న్యాయం.

ఇది ఒక్కరోజులో అయ్యే పని కాదని తెలుసు. 1956 నుంచి ఉన్న ఉమ్మడి రాష్ట్రపు కాగితాల కోసం తెలంగాణ గవర్నర్ గారితో, ఢిల్లీకి వెళ్లిన నివేదికల కోసం కేంద్రంతో మీరు మాట్లాడవలసి రావచ్చు. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలకు మీరే కులపతి హోదాలో ఒక మాట చెబితే పని మొదలవుతుంది. రాసేవారికి షరతులు పెట్టవద్దు. రామ్‌లాల్ గురించి ఎంత నిర్మొహమాటంగా రాస్తారో, పదవిలో ఉన్నవారికి దగ్గరి గవర్నర్ల గురించీ అంతే నిర్మొహమాటంగా రాయనివ్వండి. ముందుగా ఏజెన్సీ నివేదికలను అచ్చు వేయించి, పాడేరు, రంపచోడవరం, సీతంపేట వైపు గిరిజన ఆశ్రమ పాఠశాలల గ్రంథాలయాలకు పంపండి. వాళ్ల భూమి గురించి మీ కార్యాలయం ఢిల్లీకి ఏం రాసిందో మొదట చదవవలసినవాళ్లు ఆ పిల్లలే.

ఆ అమ్మాయి వచ్చే వారం మళ్లీ వస్తానంది. 1/70 గురించి ఇంకా చదవాలి, ఏదైనా పుస్తకం ఉంటే ఇమ్మని అడిగింది. నా అలమరలో వెతికాను. గవర్నర్ల జాబితా ఉన్న గైడు పుస్తకమే దొరికింది.

మీ సమాధానం కోసం ఎదురుచూస్తూ,

భవదీయుడు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు