వార్షిక నివేదిక: రేడియోకి కథ చెప్పడం నేర్చుకున్న ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది కవి సమ్మేళనం, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు ఆఫీసు గోడ మీద ఉన్నాయి, చూడండి. ఈ ఏడాది మన అసలు పని మాత్రం రేడియో రిపోర్టింగ్ శిక్షణే.

కమ్యూనిటీ రేడియోలో, అంటే ఒక ప్రాంతం జనం తమకోసం నడుపుకునే చిన్న రేడియోలో, సొంతంగా వార్తలు చదవడానికి అనుమతి లేదు కదా, మరి రిపోర్టింగ్ ఎందుకని శిక్షణకు వచ్చినవాళ్లు మొదటి రోజే అడిగారు. జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరును చూడమన్నాం. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ అండతో అక్కడి దళిత మహిళలు 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో మొదలుపెట్టారు. వాళ్లు నమ్ముకున్నది వార్తల బులెటిన్లను కాదు. విత్తనాలు, చిరుధాన్యాలు, పాటలు, అన్నీ సొంత యాసలోనే.

మన కుర్రాళ్లు చెరువు పూడిక మీద కథనం చేశారు. మొదటి స్క్రిప్టు ‘సాగునీటి సమస్య తీవ్రరూపం దాల్చింది’ అంటూ మొదలైంది. పేపర్లో సరే, చెవికి ఎక్కదు. పైగా మైకు పెట్టి ‘నీళ్లు తగ్గాయా?’ అని అడిగితే మేకల కాపరి ‘ఆఁ’ అని ఊరుకున్నాడు. మళ్లీ వెళ్లి ‘చెరువు చివరిసారి నిండినప్పుడు ఏం చేశారు?’ అని అడిగారు. ఇక ఆయన ఆగలేదు. అలుగు పారడం, చేపల కోసం ఊరంతా ఎగబడటం, అన్నీ చెప్పుకొచ్చాడు. కథనం ఆ గొంతుతోనే మొదలైంది, రిపోర్టర్ మాట తర్వాతే.

మిగతావి చేతిపని. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి, ఫ్యాను ఆపాలి. వచ్చేముందు అక్కడి చప్పుడు ఒక నిమిషం విడిగా రికార్డు చేసుకోవాలి, ఎడిటింగులో అతుకులు కప్పేది అదే. 1,487 ఎకరాలని చదివితే ఎవరికీ గుర్తుండదు, ‘దాదాపు పదిహేను వందలు’ అంటే చాలు. ‘ఈ క్రింది విధంగా’ అనే మాట రేడియోలో కుదరదు, వినేవాళ్లకి కింద ఏముంటుంది?

మాటల మధ్య మౌనాన్ని కత్తిరించాలా వద్దా అన్నదాని మీద గట్టి వాదనే జరిగింది. చెప్పేవాళ్లు తడుముకుంటే కొంత తీసేయొచ్చు, గొంతు పూడుకుపోయి ఆగితే మాత్రం ఉంచాల్సిందేనని నా అభిప్రాయం. కమిటీలో అందరూ ఒప్పుకోలేదు.

లెక్కలు కోశాధికారి సభలో చదువుతారు. వచ్చే ఏడాది వారపు సంత మీద కథనాలు చేయాలనుకుంటున్నాం. హెడ్‌ఫోన్లు చాలడం లేదు. ఇంట్లో వాడకుండా పడి ఉన్నవి ఉంటే ఆఫీసులో ఇవ్వండి. వైరు తెగినా పర్వాలేదు, అతికించేవాళ్లు మనలోనే ఉన్నారు.

ఇట్లు
కార్యదర్శి