సర్వీస్ చార్జీ టిప్పు కాదు

సంపాదకులకు,

వడ్డన బాగోలేనప్పుడు టిప్పు ఎంతివ్వాలో ఆలోచించే ముందు బిల్లు అడుగున చూడండి. కొన్ని రెస్టారెంట్లలో 10 శాతం ‘సర్వీస్ చార్జీ’ అక్కడే కూర్చుని ఉంటుంది. వెయ్యి రూపాయల భోజనానికి వంద, ఆ వందపై 5 శాతం జీఎస్టీ మరో అయిదు! ఈ సర్వీస్ చార్జీ ప్రభుత్వ పన్ను కాదు. అడక్కుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. డబ్బు కట్టకముందే తీసేయమనండి. కాదంటే బిల్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ఇక టిప్పు. కూర ఆలస్యమైతే తప్పు చాలాసార్లు వంటగదిది, సర్వరుది కాదు. అతనికి కోత పెట్టకండి. మూడుసార్లు నీళ్లడిగినా పలకనివాడికి సున్నా చాలు. ఇచ్చేదేదో చేతికే ఇవ్వండి. కౌంటరు మీది క్యూఆర్ కోడ్‌కు పంపితే యజమాని ఖాతాలో పడుతుంది.

– ఒక పాఠకుడు, విజయవాడ