పదిహేనో ఇంజక్షన్

ఒంగోలు,
ఆదివారం, రాత్రి పదిన్నర

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో. నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. జవాబు రెండుసార్లు మొదలుపెట్టాను. మొదటిది మా చిన్ని లెక్కల రఫ్‌కి వాడేసుకుంది. రెండోదాన్ని, ఇప్పుడు నీకు పరిచయం చేయబోయే పెద్దమనిషి నమిలి ఉమ్మేశాడు. మామూలు కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నా ట్రాన్స్‌ఫర్ ఆగింది. పొగాకు రేటు ఈసారి "పర్వాలేదు" అంటున్నాడు మా అన్న, అంటే బాగా వచ్చిందని నీకు తెలుసుగా. అయిపోయాయి.

ఇక అసలు సంగతి. మా ఇంట్లో కుక్క ఉంది.

నవ్వడం అయిందా? ఇంకాసేపు నవ్వుకో, ఆగుతాను.

నేనేరా! ఒంగోలు గిత్తకు ముక్కుతాడు వేసిన చేత్తోనే, సందు మొగన కుక్కపిల్ల కనపడితే చెప్పులు చేతబట్టుకుని వెనక్కి తిరిగేవాణ్ణి. ఎట్లా వచ్చిందంటే, మా బావమరిదికి కువైట్‌లో పని దొరికింది. వాడు పెంచుకున్న మూడేళ్ళ నాటుకుక్కను ఏం చేయాలా అని అత్తగారింట్లో పంచాయితీ. చిన్ని నా మొహంలోకి చూసింది. బావమరిది ముందు పరువొకటి ఏడ్చింది కదా, "దానికేముంది, మా ఇంట్లో వదిలెయ్" అనేశాను. ఆ మాట నా నోట్లోంచి ఎట్లా ఊడిపడిందో ఇప్పటికీ తెలీదు.

ఆ రాత్రి నుంచి మొదలైంది. మూడింటికి మెలకువ, గుండె దడ, అరచేతుల్లో చెమట, ఛాతీ మీద బియ్యం బస్తా పెట్టినట్టు. గుండెపోటే అనుకుని పరిగెత్తాను. ఈసీజీ తీసి బాగానే ఉందన్నారు. "టెన్షన్లేమైనా ఉన్నాయా?" అని డాక్టరు అడిగితే, ఇంటికి కుక్క వస్తోందండీ అని ఎట్లా చెప్పేది? ఆఫీసులో పనెక్కువన్నాను. మా ఆవిడ పక్కనుంచి మొత్తం కక్కేసింది. ఆయన నవ్వలేదురా. "ఇది నా పని కాదు" అని మానసిక వైద్యుడికి చీటీ రాసిచ్చాడు. పిచ్చి డాక్టరు దగ్గరికా అని వారం రోజులు బీరువాలో దాచాను ఆ చీటీని.

చివరికి వెళ్ళాను. ఆయనకు మన బ్యారన్, అదే పొగాకు కాల్చే కొట్టం సంగతి మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. 1994, ఐదో తరగతి, పొగాకు ఆకు దింపే రోజు, పిల్లలు పెట్టిన కుక్క. నాయనమ్మ పుండు మీద కారం, సున్నం కలిపి అద్దింది చూడు, కుక్క కరిచినప్పటికంటే అప్పుడే ఎక్కువ అరిచాను. ఆ తర్వాత 14 రోజులు నాయన సైకిలు, వెనక నేను, ముందు కడ్డీ మీద నువ్వు, కందుకూరు ఆసుపత్రి, బొడ్డు చుట్టూ సూదులు. గొర్రె మెదడుతో చేసేవాళ్ళట ఆ మందు, ఇప్పుడు తెలిసింది. నా లెక్కల మార్కులకు కారణం దొరికింది! 2005 నాటికే మన దేశంలో దాన్ని ఆపేశారు. ఇప్పుడు సర్కారు ఆసుపత్రిలో చేతికే, చర్మం లోపలికి, 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు విడతలు. ఇదొక్కటి మాత్రం సీరియస్‌గా చెప్తున్నా, మీ పిల్లలకు నేర్పు: కుక్క కరిస్తే కారం గీరం కాదు, పావుగంట సబ్బుతో ధారగా నీళ్ళ కింద కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. కాంపౌండరు నీకు పదిహేనోది వేస్తానన్నప్పుడు నువ్వు చేసిన పని మాత్రం డాక్టరుకు చెప్పలేదులే. నీ పరువు నా దగ్గర భద్రం.

నాయన రోజూ తిరిగి వచ్చేటప్పుడు ఒక పిప్పరమెంటు కొనిపెట్టేవాడు, గుర్తుందా? నాకొకటి, నీకొకటి. పద్నాలుగో రోజు ఆయన చేతులు... సరేలే. ఇప్పుడెందుకు అది.

డాక్టరు చెప్పింది నాకు బాగా ఎక్కింది. "మీ చేలో మంచె మీద కాపలావాడున్నాడనుకోండి. పంది వస్తే డప్పు కొట్టాలి. వీడు ఆకు కదిలినా కొడుతున్నాడు. డప్పు మోగినప్పుడల్లా మీరు పారిపోతే, వాడు నిజంగానే పంది వచ్చిందనుకుని ఇంకా గట్టిగా కొడతాడు" అన్నాడు. మందులొద్దు, మెట్టు మెట్టుగా దగ్గరికెళ్ళమన్నాడు. భయానికి పదికి ఇన్నని మార్కులేసుకోవాలి. ముందు ఫోటో, తర్వాత శబ్దం లేకుండా వీడియో, ఆ తర్వాత శబ్దంతో. వాటిల్లో పాసయ్యాక అద్దంకి బస్టాండు దగ్గర టీకొట్టులో కూర్చుని, ఎదురుగా పడుకున్న వీధికుక్కల్ని చూస్తూ టీ తాగడం. ఏడు అనిపించినప్పుడు లేచి వచ్చేస్తే ఏడు దగ్గరే గడ్డకడుతుందట, కూర్చుంటే దానంతటదే దిగుతుందట. మొదటిరోజు దిగేసరికి నాలుగు టీలయ్యాయి. నాలుగంకెలు లెక్కపెడుతూ ఊపిరి లోపలికి, ఆరంకెలు లెక్కపెడుతూ బయటికి. టీకొట్టాయన చూసి చూసి, "సార్, ఉబ్బసమా?" అన్నాడు.

ఇక పెద్దమనిషి వచ్చే రోజు. పేరు టైగర్. కుక్కర్ కూత వేస్తే టేబుల్ కిందకు దూరే టైగర్! పశువుల డాక్టరు ముందే చెప్పాడు, తిన్నగా ఇంట్లోకి తేవద్దు, బయట ఖాళీ స్థలంలో కలవండి, ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన నడవండి అని. కళ్ళలోకి చూడకూడదు, మీదకు వంగకూడదు, తల నిమరకూడదు, అదే వచ్చి వాసన చూసుకోవాలి. సరే, కాలేజీ గ్రౌండులో బావమరిది గొలుసు పట్టుకుని మధ్యలో, అటు టైగర్, ఇటు నేను, మాటల్లేని వియ్యంకుల్లా అరగంట నడిచాం. అది ఊరికే ఆవులిస్తోంది, మూతి నాక్కుంటోంది, మొహం పక్కకు తిప్పుకుంటోంది. నిద్రొస్తోందేమో అన్నాను. "కాదు బావా, అది కూడా భయపడుతోంది. డాక్టరు చెప్పాడు" అన్నాడు.

అదీ భయపడుతోందట! ముప్పై ఏళ్ళలో ఒక్కసారన్నా ఈ ముక్క నాకు తట్టలేదు చూడు.

హాల్లో ఒక మూల గోనెసంచి పరిచి, వాసన కోసం బావమరిది పాత లుంగీ వేశాం. రెండురోజులు ముద్ద ముట్టలేదు. చిన్నికి కంగారు. కొత్తచోట కొన్నాళ్ళు అంతేలే అన్నాను, ఏదో నాకే తెలిసినట్టు. 2022లో మన కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపితే, నాయన ఎన్ని ఫారాల మీద ప్రకాశం అని రాసి కొట్టేశాడు! ఇల్లు మారకుండానే అంత తికమకపడ్డాడు. ఇల్లే మారితే మరి? కానీ నేను మాత్రం రాత్రి ఎనిమిదికల్లా గదిలో దూరి గడియ పెట్టేసేవాణ్ణి. బాత్రూం హాలు దాటాక ఉంది. ఆ కష్టాలు రాయను, ఊహించుకో.

పోయిన గురువారం మా ఆవిడా చిన్నీ కందుకూరు పెళ్ళికెళ్ళారు. సాయంత్రానికి వచ్చేయాలి. మనకు వానల రోజులు ఇవేగా, మధ్యాహ్నం నుంచి కుండపోత, బస్సుల్లేవు, రేపొస్తామని ఫోను. తొమ్మిదికి కరెంటు పోయింది. ఇంట్లో నేనూ టైగరూ. ఒక్కో ఉరుముకు కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి. అంతలో తలుపు గీకిన చప్పుడు. కూనిరాగంలాంటి ఏడుపు. నా మార్కు పది. గడియ మీద చెయ్యి వేసి తీశాను, మళ్ళీ వేశాను.

జాలిపడి తలుపు తీశానని రాద్దామనుకున్నాను. నీ దగ్గర అబద్ధమెందుకు, బాత్రూంకి ఆగలేక తీశాను. తీయగానే నా కాళ్ళ మధ్యలోంచి దూసుకుపోయి మంచం కింద దూరింది. నేను హాల్లో గోడకు అతుక్కుపోయాను. పని చూసుకుని వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలీక దాని గోనెసంచి మీదే కూలబడ్డాను. అది నా గదిలో, నేను దాని పడక మీద, బావమరిది లుంగీతో! ఆ చీకట్లో ఒక్కణ్ణే పగలబడి నవ్వానురా. చింతచెట్టు రాత్రి తర్వాత మళ్ళీ అట్లా నవ్వలేదు.

నవ్వాక కాస్త ధైర్యమొచ్చింది. వెళ్ళి మంచమెక్కి కాళ్ళు పైకి లాక్కుని కూర్చున్నాను. ఫోను లైటు వేసి తొంగిచూస్తే, ఒళ్ళంతా వణుకు, నోట్లోంచి చొంగ. అచ్చం నేను ఈసీజీ గదిలో ఉన్నట్టే ఉంది. నాలుగు లోపలికి, ఆరు బయటికి, పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాను, నా కోసమే. ఎంతసేపో తెలీదు. నా లెక్కకో, ఉరుములు దూరమయ్యో, కింద గోళ్ళ టకటక ఆగింది. ఒక కాలు కిందకు దించాను. తర్వాత రెండోది. కాసేపటికి మడమకు చల్లగా, తడిగా తగిలింది. ముక్కు! తొమ్మిది. ఎనిమిది. ఆరు దాకా లెక్క గుర్తుంది. కాలు తీయలేదురా. అరవలేదు కూడా. ఒట్టు.

పొద్దున మా ఆవిడ వచ్చి చూసేసరికి నేను గోడకానుకుని నిద్రపోతున్నానట, టైగర్ నా పాదం మీద గడ్డం పెట్టుకుని ఉన్నాడట. ఫోటో తీసింది. నీకు పంపను, గ్రూపులో పెడతావు.

తగ్గిపోయిందనుకుంటావేమో, లేదు. నిన్న కర్నూలు రోడ్డులో ఇంకో కుక్క మొరిగితే ఎవరిదో అరుగు ఎక్కేశాను, వాళ్ళు మంచినీళ్ళిచ్చి పంపారు. టైగర్‌కు కూడా ఇంకా నేను చీపురు పట్టుకుంటే పడదు. కానీ గడియ మాత్రం వేయడం లేదు. వాడికి ఈ నెల రేబిస్ టీకా, ఏడాదికోసారి వేయించాలట. నేనే తీసుకెళ్తానన్నాను. సూది చూస్తే ఇద్దర్లో ముందెవరు పడిపోతామో మరి.

అసలు నీకు రాయాల్సింది ఇంకోటుందిరా, నాయన సైకిలు సంగతి. అన్న దాన్ని అమ్మేద్దామంటున్నాడు, నేనేమో... ఆగు, టైగర్ వాకిలి దగ్గర నిలబడి నా వంకే చూస్తున్నాడు. పదకొండున్నర, వాడి టైము. ఇంకో నిమిషం ఆలస్యమైతే హాల్లోనే కానిచ్చేస్తాడు. గొలుసు ఎక్కడ పెట్టానో ఏమో, ఉంటా

నీ
బొడ్డు